గడువు తీరిన బాండు పేపరు, ముందున్న లీజు డబ్బు

ప్రశ్న: మేము అనంతపురం సాయినగర్‌లో నాలుగేళ్లుగా ఒక ఇంటి పై అంతస్తులో బాడుగకు ఉంటున్నాము. బాడుగ నెలకు 9,000 రూపాయలు, అడ్వాన్సు 45,000 రూపాయలు. చేరేటప్పుడు 100 రూపాయల బాండు పేపరు మీద 11 నెలలకు రాసుకుని నోటరీ చేయించుకున్నాము. ఆ తర్వాత మళ్లీ రాసుకోలేదు. బాడుగ మాత్రం ప్రతి నెలా ఫోన్ ద్వారా యజమాని ఖాతాకు పంపుతూనే ఉన్నాము. ఇప్పుడు ఆయన, తన కొడుకు బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడు కాబట్టి పది రోజుల్లో ఖాళీ చేయాలని నోటిమాటగా చెప్పారు. అడ్వాన్సు ఇంటికి రంగులు వేయించడానికే సరిపోతుందని, సమయానికి కదలకపోతే నీళ్ల మోటారు ఆపేస్తానని అంటున్నారు. ఇల్లు అమ్మకానికి పెట్టారని ఇరుగుపొరుగు చెబుతున్నారు. మా ఒప్పందంలో రంగుల ప్రస్తావన లేదు. గడువు తీరిన కాగితంతో మాకు ఏమైనా హక్కు ఉంటుందా? ఇంకొక విషయం: కమలానగర్‌లో ఒకరు 6 లక్షల రూపాయలు ఇస్తే మూడేళ్లకు ఇల్లు లీజుకు ఇస్తామని, బాడుగ ఉండదని, గడువు తీరాక మొత్తం డబ్బు తిరిగి ఇస్తామని అంటున్నారు. తీసుకోవచ్చా? (అనంతపురం నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీరు రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది మిమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నట్టు ఉత్తరంలో కనిపిస్తోంది, కానీ అసలు ప్రమాదం రెండవదానిలో ఉంది. ఉన్న ఇంట్లో మీ స్థితి మీరు అనుకుంటున్నంత బలహీనంగా లేదు. వెళ్లబోయే ఇంట్లో అది మీరు ఊహించినంత భద్రంగానూ లేదు.

గడువు తీరిన ఒప్పందం సంగతి ముందు చూద్దాం. 11 నెలల తర్వాత కాగితానికి కాలం చెల్లినా, మీరు ఆ ఇంట్లో అక్రమంగా ఉంటున్నవారు కారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం, లీజు ముగిసిన తర్వాత కూడా బాడుగదారు ఇంట్లోనే కొనసాగుతూ ఉంటే, యజమాని అతని దగ్గర బాడుగ తీసుకుంటూ ఉంటే, ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేనంతవరకు ఆ లీజు కొనసాగుతున్నట్టే లెక్క. నివాసపు ఇల్లు కాబట్టి అది నెల నెలా సాగే బాడుగ అవుతుంది. మీ విషయంలో దీనికి అవసరమైన సాక్ష్యం ఇప్పటికే మీ బ్యాంకు ఖాతాలో ఉంది. నాలుగేళ్లుగా నెల తప్పకుండా ఒకే మొత్తం ఒకే ఖాతాకు చేరిన వివరాలను బ్యాంకు నుంచి స్టేట్‌మెంటుగా తీసుకుని, ఒక ప్రతిని కాగితం మీద ముద్రించి ఉంచుకోండి. నగదుగా బాడుగ ఇచ్చి రసీదు అడగడానికి మొహమాటపడే ఎందరికో దొరకని రుజువు ఇది.

మళ్లీ రాసుకోకపోవడం మాత్రం ఇద్దరి లోపమూ. మన రాష్ట్రంలో 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం స్థానంలో 2017లో చేసిన కొత్త చట్టం బాడుగ ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలనే అంటోంది, వివాదాలు తేల్చడానికి ప్రత్యేక వేదికనూ ఏర్పరుస్తోంది. ఆచరణలో మన ఊళ్లలో ఎక్కువమంది ఇంకా నమ్మకం మీదనే ఇళ్లు ఇచ్చిపుచ్చుకుంటున్నారు.

పది రోజుల గడువుకు చట్టంలో ఆధారం లేదు. నెల నెలా సాగే బాడుగను ముగించాలంటే, వేరే షరతు లేనప్పుడు, కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ చెబుతుంది. ఆ నోటీసు రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉండాలి. దానిని తపాలాలో పంపవచ్చు, మీ చేతికి లేదా మీ ఇంట్లోవారి చేతికి ఇవ్వవచ్చు, అలా వీలుకాకపోతే ఇంటికి అందరికీ కనబడే చోట అతికించవచ్చు. మీకు అందిన రోజు నుంచే 15 రోజులు లెక్కపెట్టాలి. మెట్ల మీద ఎదురుపడినప్పుడు చెప్పిన మాట నోటీసు కాదు. మీ పాత ఒప్పందాన్ని మరొకసారి చదవండి. ఖాళీ చేయించాలంటే నెల ముందో, రెండు నెలల ముందో చెప్పాలన్న షరతు అందులో ఉంటే, కాగితం గడువు తీరినా ఆ షరతును మీ పక్షాన చూపించుకోవచ్చు.

సరైన నోటీసు వచ్చి, దాని గడువు కూడా తీరిందనుకుందాం. అప్పుడైనా యజమాని తనంతట తాను తాళం వేయడానికి, సామాను బయట పెట్టడానికి వీల్లేదు. మీరు ఖాళీ చేయకపోతే ఆయన న్యాయస్థానానికి వెళ్లి ఆదేశం తెచ్చుకోవాలి. ఒకవేళ మీరు ఊళ్లో లేని సమయంలో తాళం మార్చేశారంటే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద, అలా గెంటివేసిన ఆరు నెలల లోపు దావా వేసి ఇంటి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్న రాదు, మిమ్మల్ని చట్టవిరుద్ధంగా బయటకు పంపారా లేదా అన్నదే చూస్తారు. ఆరు నెలలు దాటితే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది.

నీళ్ల మోటారు ఆపుతానన్న బెదిరింపును తేలికగా తీసుకోకండి. వేసవిలో అనంతపురంలో బోరు నీళ్లు లేని ఇంట్లో రెండు రోజులు ఉండడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. నీళ్లు, కరెంటు వంటి అత్యవసర సదుపాయాలను తగిన కారణం లేకుండా ఆపి బాడుగదారును వెళ్లగొట్టడాన్ని పాత అద్దె నియంత్రణ చట్టమే నిషేధించింది, 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా అదే మాట చెప్పింది. కాబట్టి ఆయన మోటారు ఆపిన రోజే తేదీ, సమయం రాసుకోండి, ఫోటో తీసుకోండి, వెంటనే నీళ్లు ఇవ్వమని కోరుతూ ఒక సందేశం పంపండి. మోటారు ఆయన మీటరు మీద నడుస్తూ ఉంటే, మీ వంతు కరెంటు బిల్లు బకాయి లేకుండా చూసుకోండి. బకాయి ఉంటే ఆయనకు అదే సాకు అవుతుంది.

ఈ గొడవలో మీరు చేయకూడని పని ఒకటుంది: బాడుగ ఆపడం. చాలామంది అడ్వాన్సు తిరిగి రాదేమోనన్న భయంతో చివరి రెండు మూడు నెలలు బాడుగ కట్టకుండా, అందులోంచి పట్టుకోండి అని ఊరుకుంటారు. మీ 45,000 సరిగ్గా ఐదు నెలల బాడుగ కాబట్టి మీకూ ఆ ఆలోచన రావచ్చు. ఒప్పందం అనుమతిస్తేనో, యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనో తప్ప అలా చేయకండి. ఇప్పటివరకు తప్పు ఆయన వైపు ఉంది. బాడుగ ఆపిన మరుక్షణం మిమ్మల్ని ఖాళీ చేయించడానికి ఒక బలమైన కారణాన్ని మీరే ఆయన చేతికి ఇచ్చినట్టవుతుంది. ఆయన డబ్బు తీసుకోనంటే, ఖాతాకు పంపండి. ఖాతాకు పంపినది వెనక్కి పంపిస్తే, స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి, బాడుగ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నామని తెలియజేయండి.

ఇక రంగుల ఖర్చు. ఇంటిని తీసుకున్నప్పుడు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలో అప్పగించడం బాడుగదారు బాధ్యతే, కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదల, తరుగుదల దీనికి మినహాయింపు అని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ స్పష్టంగా అంటుంది. నాలుగేళ్లలో గోడ సున్నం వెలిసిపోవడం, వంటగది గోడ కొంత నల్లబడడం ఆ మినహాయింపులోకే వస్తాయి. మీరు గోడకు కొట్టిన మేకులతో పెచ్చులు ఊడినా, సింకు పగిలినా, తలుపు విరిగినా అవి మీ ఖాతాలోకి వస్తాయి. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల బాడుగ పట్టుకోవడం మన ఊళ్లలో ఆనవాయితీగా ఉంది గానీ, ఒప్పందంలో రాయనిదే అది హక్కు కాదు. నా సలహా ఏమిటంటే, ఆ ఒక్క నెల విషయంలో పట్టుదలకు పోకండి. 9,000 వదులుకుని 36,000 గొడవ లేకుండా తెచ్చుకోవడం, 45,000 కోసం కోర్టు చుట్టూ తిరగడం కంటే నయం. అయితే మొత్తం 45,000 రంగులకే అయిపోయిందంటే మాత్రం పెయింటరు రసీదులు చూపమని అడగండి. ప్రస్తుతం ఉన్న గోడలను, నేలను, కుళాయిలను, మీటరు రీడింగును ఇప్పుడే వీడియో తీసి ఉంచండి. తాళాలు అప్పగించే రోజు యజమానితో కలిసి ఇల్లంతా చూసి, ఒక కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేయడం ఇంకా మంచిది.

ఇల్లు అమ్మినంత మాత్రాన మీ బాడుగ రద్దయిపోదు. 109వ సెక్షన్ ప్రకారం కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు. వారు కూడా మీకు సరైన నోటీసు ఇవ్వవలసిందే. అమ్మకం సంగతి తెలియక మీరు పాత యజమానికే బాడుగ కట్టి ఉంటే, అదే నెలకు కొత్త యజమానికి మళ్లీ కట్టనక్కరలేదు. అడ్వాన్సు దగ్గరే చిక్కు వస్తుంది: పాతాయన కొత్తాయనను చూపిస్తాడు, కొత్తాయన నాకేమీ అందలేదంటాడు. అందుకని, అమ్మకం ఖాయమైందని తెలిసిన రోజే, అడ్వాన్సు ఎవరు తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తేల్చమని ఇద్దరినీ అడగండి.

యజమాని పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కొడుకు నిజంగానే వస్తూ ఉండవచ్చు, సొంత ఇంట్లో సొంత బిడ్డను ఉంచుకోవాలనుకోవడం తప్పు కాదు. అంతేకాక, బాడుగదారు 12 ఏళ్లు ఉంటే ఇల్లు అతని సొంతమైపోతుందన్న భయం చాలామంది యజమానులను వెంటాడుతూ ఉంటుంది. బాడుగదారుగా ఇంట్లో ప్రవేశించినవాడు ఆ బాడుగ సాగుతున్నంత కాలం యజమాని హక్కును కాదనడానికి సాక్ష్య చట్టమే ఒప్పుకోదు కాబట్టి, అలా జరగదని ఆయనకు తెలిస్తే పది రోజుల తొందర కొంత తగ్గవచ్చు. మీరు ముందుగా ఒక మర్యాదపూర్వకమైన ఉత్తరం రాయండి. ఇల్లు వెతుక్కోవడానికి రెండు నెలలు గడువు కావాలని, ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని, ఆ రోజే అడ్వాన్సు ఇవ్వాలని అందులో ఉండాలి. పిల్లల చదువు మధ్యలో ఉంటే ఆ సంగతి కూడా రాయండి. ఇలాంటి ఉత్తరానికి ఎక్కువమంది యజమానులు మెత్తబడతారు. మెత్తబడకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 నాటి చట్టం కింద ఏర్పడిన ఈ సంస్థ, కేసు వేయకముందే ఇద్దరినీ పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే ప్రయత్నం చేస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి వివరాలు తెలుసుకోవచ్చు. బాడుగ ఒప్పందం మీ శ్రీమతి పేరు మీద ఉన్నట్టయితే, ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు న్యాయవాదిని ఉచితంగా ఇచ్చే సదుపాయం కూడా అక్కడ ఉంది.

ఇప్పుడు కమలానగర్ ఇంటి సంగతికి వద్దాం. కొందరు భోగ్యమని కూడా పిలిచే ఈ పద్ధతి, లెక్క వేసి చూస్తే, మీకు లాభంగానే కనిపిస్తుంది. 6 లక్షలు బ్యాంకులో వేస్తే, ఏడాదికి 7 శాతం వడ్డీ అనుకున్నా, 42,000 వస్తాయి, అంటే నెలకు 3,500. దానిని వదులుకుంటే నెలకు 9,000 బాడుగ మిగులుతుంది. అయితే యజమాని వైపు నుంచి కూడా ఒకసారి లెక్క వేయండి. నెలకు 9,000 వచ్చే ఇంటిని ఆయన ఊరికే ఎందుకు ఇస్తున్నారు? బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెస్తే నెలకు 12,000 కట్టాలి. అంటే మీ దగ్గర తీసుకుంటున్నది ఆయనకు తక్కువ ధరకు దొరికే అప్పు. ఆ డబ్బు కూతురి పెళ్లికో, పాత బాకీకో, కొత్త మేడకో పోతుంది గానీ మూడేళ్ల పాటు పెట్టెలో ఉండదు. గడువు తీరిన రోజు ఆయన మీకు ఇచ్చేది సాధారణంగా మీ తర్వాత వచ్చే లీజుదారు డబ్బే. ఆ సమయానికి ఎవరూ దొరకకపోతే మీ 6 లక్షలు ఆగిపోతాయి. కాబట్టి ఇల్లు బాగుందా అన్నదానికంటే, ఈ మనిషికి అప్పు ఇవ్వవచ్చా అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. ఆయన చేతిలో వేరే ఆస్తి, నిలకడైన ఆదాయం ఉన్నాయా, గతంలో లీజుకు ఉన్నవారికి డబ్బు సమయానికి ఇచ్చారా అన్నది ఆ వీధిలో రెండు చోట్ల అడిగితే తెలుస్తుంది.

కాగితం విషయంలో ఆయన బహుశా ఇక్కడ కూడా 11 నెలల బాండు పేపరు, నోటరీ అనే అంటారు, 11 నెలలకొకసారి మార్చుకుందామని కూడా అనవచ్చు. ఒప్పుకోకండి. ఏడాదికి మించిన లీజు రిజిస్టరైన పత్రం ద్వారానే చెల్లుతుందని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతుంది. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. అసలు మీరు డబ్బు ఇచ్చి, వడ్డీకి బదులుగా ఇంటిని అనుభవిస్తున్నారు కాబట్టి, ఈ ఏర్పాటు స్వభావం భోగ్య తనఖాకు దగ్గరగా ఉంటుంది. 100 రూపాయలు, అంతకు మించిన సొమ్ముకు ఇచ్చే భోగ్య తనఖాకు రిజిస్ట్రేషన్, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. ఆ రూపంలో రాయించుకుంటే, డబ్బు తిరిగి వచ్చేవరకు ఇంటి స్వాధీనాన్ని ఉంచుకునే హక్కు మీకు దక్కుతుంది. మామూలు బాడుగదారుకు ఈ హక్కు ఉండదు. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కొంత భారంగానే అనిపిస్తాయి. 6 లక్షల భద్రతకు పెట్టే ఖర్చుగా చూసుకుని, సగం సగం భరిద్దామని యజమానితో మాట్లాడండి. ముసాయిదాను డాక్యుమెంటు రైటరుకు మాత్రమే వదిలేయకుండా ఒక న్యాయవాదితో చదివించండి.

డబ్బు చెక్కు ద్వారానో, ఖాతా నుంచి ఖాతాకో మాత్రమే ఇవ్వండి. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును గానీ డిపాజిట్‌ను గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. దానికి జరిమానా తీసుకున్నవారికే పడుతుంది గనుక, సగం నగదుగా ఇవ్వమని ఆయన అడిగితే ఈ సంగతి గుర్తుచేయడం మీ ఇద్దరికీ మంచిది. మీ జీతంలో ఇంటి అద్దె భత్యం ఉండి, దానిపై పన్ను మినహాయింపు తీసుకుంటూ ఉంటే, బాడుగ లేని ఇంట్లో అది పోతుందన్నది కూడా లెక్కలో వేసుకోండి.

అన్నిటికంటే ముందు చూడవలసింది ఆ ఇల్లు ఇప్పటికే బ్యాంకులో తనఖాలో ఉందా అన్నది. ఇంటి అప్పు మీద కట్టిన ఇళ్లు లీజుకు రావడం మామూలే. తనఖాలో ఉన్న ఇంటిని యజమాని లీజుకు ఇవ్వడానికి ఆస్తి బదిలీ చట్టం 65-ఏ సెక్షన్ కొన్ని హద్దులు పెట్టింది. వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ లీజుకు న్యాయంగా రాగల బాడుగ నిర్ణయించాలి, ముందుగా ఏకమొత్తం తీసుకోకూడదు, బాడుగ ముందే వసూలు చేయకూడదు, భవనమైతే మూడేళ్లు మించకూడదు. మీకు చెబుతున్న ఏర్పాటు ఇందులో మొదటి రెండు షరతులకే సూటిగా విరుద్ధం. యజమాని వాయిదాలు ఎగ్గొట్టి, బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోవడానికి వస్తే, మీ కాగితం బ్యాంకును ఆపలేదు. మీ 6 లక్షల కోసం మీరు యజమాని వెంట పడవలసిందే.

అందుకని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ఆ ఇంటి ఈసీని, అంటే దానిపై రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల వివరాలు చూపే ధ్రువపత్రాన్ని, కనీసం గత 15 ఏళ్లకు తీసుకోండి. ఈసీలో ఏమీ లేకపోయినా అక్కడితో ఆగకండి. అసలు దస్తావేజులను బ్యాంకులో ఉంచి తీసుకున్న అప్పు, పత్రం రిజిస్టరు కాకపోతే, ఈసీలో కనిపించదు. మూల దస్తావేజు చూపించమని యజమానిని అడగండి. జిరాక్సు ప్రతులే చూపించి, అసలు ఊళ్లో ఉందనో లాకరులో ఉందనో రెండవసారి కూడా వాయిదా వేస్తే ఆ ఇంటిని వదిలేయండి. తనఖా ఉందని ఆయనే నిజాయితీగా చెబితే, లీజుకు తమకు అభ్యంతరం లేదని బ్యాంకు రాసి ఇచ్చేవరకు, ఇంటిని అట్టిపెట్టడానికని అడిగే టోకెన్ అడ్వాన్సు కూడా ఇవ్వకండి.